డప్పు కొట్టనని చెప్పే హక్కు: హార్లెం వేసవి ఉత్సవం, తెలంగాణ పల్లె డప్పు - ఒక నైతిక పరిశీలన

ప్రవేశం

ఒక సమాజం ఒక వర్గం మీద అవమానపు గుర్తుగా మోపిన కళను, తరువాతి కాలంలో అదే సమాజం వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టినప్పుడు, ఆ కళాకారునికి జరిగేది గౌరవమా, లేక పాత అవమానానికే వేసిన కొత్త వేషమా? తెలుగులో జానపద కళల అధ్యయనం విస్తారంగానే జరిగింది. ఒక కళ ఎంత ప్రాచీనమైనది, దాని ప్రదర్శన విధానం ఏమిటి, అది ఎంత వేగంగా కనుమరుగవుతోంది అన్న విషయాల మీద విలువైన పరిశోధనలు వచ్చాయి. ఆ కళను ప్రదర్శించే మనిషికి దానిని ప్రదర్శించకుండా ఉండే వీలు ఉన్నదా అన్న ప్రశ్నకు మాత్రం ఆ స్థాయిలో చోటు దొరకలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను డప్పు ఆధారంగా పరిశీలిస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్న ప్రతి వేసవిలోనూ ఎదురుపడుతుంది. ఏప్రిల్ 5న బాబూ జగ్జీవన్ రాం, 11న జోతిరావు ఫూలే, 14న అంబేద్కర్ జయంతులు వరుసగా వస్తాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లోనూ, మేడిపల్లి వంటి మండల కేంద్రాల్లోనూ అంబేద్కర్ విగ్రహం ముందు మోగే డప్పు ఒక జాతి తనను తాను చాటుకునే ధ్వని. అదే వేసవిలో ఊళ్ళో ఎవరైనా కాలం చేస్తే పాడె ముందు నడిచేదీ డప్పే. చాలా ఊళ్ళలో రెండు చోట్లా డప్పు పట్టిన చేతులు ఒకే వాడకు చెందినవి, కొన్నిసార్లు ఒకే మనిషివి. వాయిద్యం మారలేదు, చెయ్యి మారలేదు. మొదటి సందర్భంలో ఉన్నదీ, రెండవ సందర్భంలో తరచుగా లేనిదీ ఏమిటో తేల్చుకోగలిగితే, కళోత్సవాల నైతికతను కొలిచే ప్రమాణం ఒకటి చేతికి వస్తుంది.

హార్లెంతో పోలిక ఎందుకు?

1969 వేసవిలో, జూన్ 29 నుంచి ఆగస్టు 24 వరకు, న్యూయార్క్ నగరంలోని హార్లెంలో ఆరు ఆదివారాల పాటు ఒక సాంస్కృతికోత్సవం జరిగింది. అప్పటి మౌంట్ మోరిస్ పార్కులో, నల్లజాతి ప్రజలు పెద్ద సంఖ్యలో నివసించే పేట నడుమ, మహాలియా జాక్సన్, నీనా సిమోన్, బి.బి. కింగ్, స్టీవీ వండర్ వంటివారు పాడారు. దాదాపు మూడు లక్షల మంది విన్నారని అంచనా. హాల్ టుల్చిన్ చిత్రీకరించిన ఆ ప్రదర్శనల దృశ్యాలు సుమారు యాభై ఏళ్ళ పాటు వెలుగు చూడలేదు. వాటి ఆధారంగా 2021లో వచ్చిన ‘సమ్మర్ ఆఫ్ సోల్’ అనే డాక్యుమెంటరీ మరుసటి ఏడాది ఆస్కార్ పొందింది. అంతకు ముందు ఏడాదే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది, అనేక నగరాలు అట్టుడికాయి. ఆ వేసవిలో హార్లెం మళ్ళీ మండకుండా ఉండేందుకే నగర పాలకులు ఈ ఉత్సవానికి ఊతమిచ్చారన్న మాట ఆ చిత్రంలోనే వినిపిస్తుంది. అందువల్ల, ఉత్సవం గౌరవమా లేక బుజ్జగింపా అన్న సందేహం తెలుగు నేలకే ప్రత్యేకమైనది కాదు.

నల్లజాతి అనుభవానికీ దళిత అనుభవానికీ నడుమ పోలిక ఈ వ్యాసం కొత్తగా కల్పించేది కూడా కాదు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ సంస్థ తన పేరును అమెరికాలోని బ్లాక్ పాంథర్ పార్టీ నుంచి తీసుకుంది. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడుతరాలు’గా తెలుగు చేసిన తరువాత కుంటా కింటే తెలుగు పాఠకులకు ఇంటి మనిషి అయ్యాడు. గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం 2003లో వెలువడినప్పుడు దాని పేరు ‘నల్లపొద్దు’. మాదిగ, ఉపకులాల కథల సంకలనం పేరు ‘నల్లరేగడి సాల్లు’. నలుపు ఇక్కడ కూడా సిగ్గుపడవలసిన రంగుగా కాక, ఎంచుకున్న పేరుగా నిలిచింది.

అయితే పోలిక ఉన్నంత మాత్రాన ఒకచోటి పరిష్కారం మరొకచోటికి యథాతథంగా చెల్లదు. డప్పు విషయంలో రెండు చరిత్రల నడుమ ఉన్న తేడా, పోలిక కన్నా ఎక్కువ నేర్పుతుంది.

నిషేధించిన తాళం

1739లో దక్షిణ కరోలినాలోని స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. వారు డ్రమ్ములు మోగిస్తూ, దారిలో మరికొందరిని కలుపుకుంటూ నడిచారు. ఆ తిరుగుబాటును అణచిన మరుసటి ఏడాది, 1740లో, ఆ రాజ్యం చేసిన చట్టం బానిసలు డ్రమ్ములు వాడడాన్ని నిషేధించింది. దూరాన ఉన్నవారిని పిలవగల ధ్వని యజమానులకు ఆయుధంతో సమానంగా తోచింది. ‘ఏడుతరాలు’ పాఠకులకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది: కుంటా కింటే బానిసల వేటగాళ్ళకు చిక్కినది, డ్రమ్ము చేసుకోవడానికి కర్ర కోసం అడవికి వెళ్ళినప్పుడు. నవలలో అది ఒక సంఘటన మాత్రమే. చరిత్ర పక్కన పెట్టి చదివితే, అతడు పోగొట్టుకున్న స్వేచ్ఛకూ, చేసుకోలేకపోయిన డ్రమ్ముకూ సంబంధం కనిపిస్తుంది.

వాయిద్యాన్ని నిషేధించిన చోట, వాయించడమే విముక్తి. ‘సమ్మర్ ఆఫ్ సోల్’ చిత్రం పందొమ్మిదేళ్ళ స్టీవీ వండర్ డ్రమ్స్ వాయించే దృశ్యంతో మొదలవుతుంది. 1740 నాటి నిషేధం తెలిసినవారికి ఆ ఆరంభం వట్టి సంగీత ప్రదర్శనగా కనిపించదు. చేతి నుంచి లాక్కున్నదాన్ని చెయ్యి తిరిగి అందుకున్న క్షణం అది. ఉత్సవానికి ఊతమిచ్చిన పాలకుల ఉద్దేశం ఏదైనా, హార్లెం వేదిక మీద డ్రమ్ము మోగడంలోనే కొంత న్యాయం నెరవేరింది.

నిర్బంధించిన డప్పు

తెలుగు పల్లెలో జరిగింది దీనికి విరుద్ధం. కర్ర చట్రానికి మేకతోలు బిగించి, మంట దగ్గర వేడి చేసి, ఒక చేత చిర్ర, మరొక చేత చిటికెన పుల్ల పట్టి మోగించే డప్పును ఊరు నిషేధించలేదు. ఊరికి అది కావాలి. చావుకు కావాలి, పోచమ్మ బోనానికి కావాలి, చాటింపుకు కావాలి. ఊరి పనులను కులాల వారీగా పంచిన బలుత పద్ధతిలో డప్పు మాదిగవాడ విధి అయింది. విధి అన్నప్పుడు కొట్టే నేర్పు కన్నా పిలిస్తే రావలసిన అగత్యమే ముఖ్యం. అర్ధరాత్రి చావు కబురు వచ్చినా, ఇంట్లో తనకే దుఃఖం ఉన్నా, కూలిపనికి పోవలసి ఉన్నా పోక తప్పదు. పోనంటే దక్కవలసిన గింజలు ఆగిపోతాయి, కూలిపనులు ఆగిపోతాయి, వాడ మొత్తాన్ని వెలివేసే మాట పుడుతుంది.

కనుక, అమెరికాలో బానిస చేతికి దక్కనిది వాయించే స్వేచ్ఛ. ఇక్కడి దళితుని చేతికి దక్కనిది వాయించకుండా ఉండే స్వేచ్ఛ. రెండు చోట్లా చేతి మీద అధికారం ఆ చేతి యజమానిది కాదు. కానీ విముక్తి మార్గాలు వేరు. నిషేధం ఉన్న చోట వేదిక దానంతట అదే ఒక ధిక్కారం కాగలదు. నిర్బంధం ఉన్న చోట డప్పును వేదిక మీదికి తెచ్చినంత మాత్రాన నిర్బంధం తొలగదు. పిలిచేవారు మారవచ్చు, పిలుపు తీరు మర్యాదగా మారవచ్చు. రానని చెప్పే వీలు లేకపోతే, ఆ మర్యాద కింద పాత వెట్టి అలాగే ఉంటుంది.

ఉత్తర తెలంగాణ చరిత్ర ఈ విషయాన్ని ముందే గుర్తించింది. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్రకు దారితీసిన రైతుకూలీ ఉద్యమంలో వెట్టి రద్దు ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ‘వెట్టి చెయ్యం’ అన్న మాటను దళితవాడ వైపు నుంచి వింటే, అందులో ‘పిలిచినప్పుడల్లా డప్పు కొట్టం’ అన్న మాట కూడా ఇమిడి ఉంటుంది. విచిత్రమేమంటే, సరిగ్గా ఆ కాలంలోనే డప్పు ఉద్యమ వేదిక ఎక్కింది. 1970లలో జననాట్యమండలి, గద్దర్ పాటతో డప్పు, గొంగడి, గజ్జెలు రాజకీయ సభకు వచ్చాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ ఉద్యమం, ఊరికి చాటింపు వేసే విధి పేరునే తన పేరుగా తీసుకుని ‘దండోరా’ అయింది. ఒకవైపు డప్పును దించడం, మరోవైపు డప్పును ఎత్తడం పైకి వైరుధ్యంగా కనిపిస్తాయి. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే. ఎప్పుడు మోగాలో, ఎప్పుడు మోగకూడదో నిర్ణయించే అధికారం ఊరి నుంచి చేతికి మారింది. ఒకసారి కాదనగలిగినవారు అవునన్నప్పుడే ఆ అవునుకు విలువ వస్తుంది.

దీనికి స్త్రీల డప్పు బృందాలు ఒక నిదర్శనం. సంప్రదాయంలో డప్పు విధి ప్రధానంగా పురుషుల మీద పడింది. ఇటీవలి దశాబ్దాల్లో దళిత స్త్రీలు ఊరేగింపుల్లో, సభల్లో డప్పు పట్టినప్పుడు, వారిని ఏ బలుతా పిలవలేదు. ఆ దరువులో ఎంపిక స్పష్టంగా వినిపిస్తుంది.

అవసరం అనే మూడవ స్థితి

నిషేధం, నిర్బంధం అన్న రెండింటితో విషయం పూర్తి కాదు. హైదరాబాదు నగరంలో ఆఫ్రికా మూలాలున్న ఒక సమాజం తరతరాలుగా ఉన్నది. నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మీదనే ఏ.సి. గార్డ్స్ అన్న పేట వెలసింది. ఆ సిద్దీల నుంచీ, అరబ్బు మూలాలున్న చావుష్‌ల నుంచీ నగరానికి దక్కిన వాద్యం మర్ఫా. సంస్థానం పోయింది, దళం రద్దయింది, కొలువు పోయింది, వాద్యం మిగిలింది. నేడు అది పెళ్ళి ఊరేగింపుల్లోనూ స్వాగతాల్లోనూ వినిపిస్తుంది. నల్లజాతి కళ అన్న మాటకు తెలుగు నేల మీద అక్షరార్థంగా సరిపోయేది ఇదే. ఈ వాద్యాన్ని ఎవరూ నిషేధించలేదు, ఊరి కట్టుబాటుగా ఎవరూ నిర్బంధించలేదు. కానీ మరో బతుకుతెరువు లేని వాద్యకారుడికి ఆ రాత్రి బేరాన్ని కాదనే స్తోమత ఎంత?

ఆకలి కూడా ఒక ఆజ్ఞే. తెలంగాణలో కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన దినకూలీగా పనిచేస్తున్న దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి. పురస్కారం కళను గుర్తిస్తుంది. కళాకారుని రేపటి భోజనానికి హామీ ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులను సామాజిక పింఛన్ల జాబితాలో చేర్చారు; 2024 నుంచి ఆ మొత్తం నెలకు 4,000 రూపాయలు. ఈ రెండు రకాల గుర్తింపులను నైతిక దృష్టితో పోల్చితే, ఆర్భాటం లేని పింఛనే ఒక విషయంలో మెరుగైనది. వయసు మళ్ళిన మనిషి ఒక రోజు డప్పు ఎత్తకపోయినా ఆ నెల గడుస్తుంది. అంటే అది కాదనే శక్తిని కొంతైనా ఇస్తుంది. ప్రభుత్వ పథకాలను పాడి ప్రచారం చేయడం కోసం కళాకారులకు జీతమిచ్చే ఏర్పాట్లను కూడా ఇదే కొలతతో చూడవలసి ఉంటుంది. జీతం మంచిదే, పాడనని అనగల పాట ఒక్కటైనా ఆ జీతంలో ఉన్నదా అన్నది ప్రశ్న.

పూర్వపక్షాలు

ఈ ప్రతిపాదనకు మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది అలంకారశాస్త్రం నుంచి వస్తుంది. రసానుభవంలో వ్యక్తి విశేషాలు తొలగి భావం అందరిదీ అవుతుందని భట్టనాయకుని సాధారణీకరణ సిద్ధాంతం. అందువల్లనే శోకం కరుణరసమై ఆనందమిస్తుంది. అలాగయితే డప్పు పుట్టుక ఎలాంటిదైనా, వేదిక మీద అది లయగా ఆస్వాదనీయం. పుట్టుకను తవ్వడం రసభంగమే కదా? ఈ వాదం ఒక భేదాన్ని విస్మరిస్తోంది. శాస్త్రం మాట్లాడే నాటకంలో అనుకార్యుడు వేరు, నటుడు వేరు. రాముని దుఃఖం నటుని దుఃఖం కాదు. డప్పు విషయంలో ఆ దూరం లేదు. ఆ దరువులో నిక్షిప్తమైన అనుభవం కొట్టేవాని తాతదీ తండ్రిదీ, కొన్నిసార్లు అతనిదే. ఇక్కడ వ్యక్తిని తొలగించి భావాన్ని మాత్రమే తీసుకోవడం, మనిషిని తొలగించి అతని పనిని మాత్రమే తీసుకున్న పాత అలవాటుకు దగ్గరగా వస్తుంది. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845 నాటి తన ఆత్మకథలో ఇలాంటి పొరపాటునే పట్టి చూపాడు. బానిసలు పాడుతున్నారు కనుక సంతోషంగా ఉన్నారని ఉత్తరాది జనం అనుకోవడం అతన్ని నివ్వెరపరిచింది. దుఃఖం అధికమైనప్పుడే వారు అధికంగా పాడేవారన్నది అతని సాక్ష్యం. సహృదయునికి ఆనందం కలిగినంత మాత్రాన కళాకారుని స్థితి తెలిసినట్టు కాదు.

రెండవ ఆక్షేపణ పరిరక్షణకు సంబంధించినది. కాదనే హక్కును అందరూ వాడుకుంటే కళ నశిస్తుంది, అది జాతి మొత్తానికి నష్టం. ఈ ఆందోళనలో నిజం ఉన్నది. ఒక దరువు మరచిపోతే దానితో పాటు ఒక జ్ఞాపకం పోతుంది. కానీ నష్టం జాతి మొత్తానిదైనప్పుడు, దానిని కాపాడే బరువు ఒక వాడ మీదనే ఎందుకు ఉండాలి? డప్పు నిజంగా అందరి వారసత్వమైతే, సంగీత కళాశాలలో వయొలిన్, మృదంగాలతో సమానంగా దానికి పాఠం, పరీక్ష, ఉద్యోగం ఉండాలి. అన్ని కులాల పిల్లలూ నేర్వాలి. దానిని నేర్పే గురువు స్థానంలో మొదట ఆ వాడ మనిషి కూర్చోవాలి. నేర్చేవారు పెరిగితే కళ నిలుస్తుంది, కొట్టనన్నవారికి కొట్టకుండే స్వేచ్ఛా నిలుస్తుంది. అలా పంచుకోవడానికి సిద్ధపడని సమాజం, పరిరక్షణ పేరుతో కోరుతున్నది కళనా, కళ అనే పేరు పెట్టిన సేవనా అన్న అనుమానం రాక తప్పదు.

మూడవది కళాకారుల నుంచే రాగలదు. డప్పు మా తాతల ఆస్తి, అది మా గర్వం, దానిని వెట్టి అని గుర్తుచేయడం మమ్మల్ని మళ్ళీ చిన్నబుచ్చడమే అని వారు అనవచ్చు. ఇది మూడింటిలోనూ బలమైనది. దీనికి ఈ వ్యాసం ఇచ్చే సమాధానం ఖండన కాదు. గర్వంగా కొట్టే డప్పును ప్రశ్నించే అధికారం పరిశోధకునికి లేదు. కాదనే హక్కును ప్రతిపాదించడం అవునన్నవారిని తక్కువ చేయదు. వారి నిర్ణయాన్ని నిర్ణయంగా గుర్తిస్తుంది. ఆ హక్కు లేని చోట గర్వాన్నీ అగత్యాన్నీ బయటివారు వేరు చేసి చూడలేరు.

చట్టం, ఆచారం, పరిశోధన

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని, 23వ అధికరణం వెట్టిని నిషేధించాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, కళేబరాలు మోయించడం, గోతులు తవ్వించడం, సాంఘిక బహిష్కరణ విధించడం వంటివి నేరాలుగా చేరాయి. వెట్టి చేయించడం అంతకు ముందే ఆ చట్టంలో నేరం. అయినా డప్పు కొట్టనన్నందుకు వెలి వేశారన్న వార్తలు తెలుగు పత్రికలకు కొత్త కాదు. చట్టానికీ ఆచారానికీ నడుమ ఉన్న ఈ ఖాళీలో అభిప్రాయాలు పనిచేస్తాయి. ఆ అభిప్రాయాలకు మాటలు సమకూర్చేవారిలో విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు కూడా ఉన్నాయి.

‘అంతరించిపోతున్న కళలు’ అన్న పదబంధం తెలుగు పరిశోధనలో ఎంతగానో స్థిరపడింది. ఈ మాటలో కర్త లేడు. కళ దానంతట అదే, ఎండకు ఎండిన చెరువులాగా, అంతరిస్తున్నట్టు అది ధ్వనిస్తుంది. ఒక కుటుంబం డప్పును చూరుకు వేలాడదీసి, కొడుకును చదువుకో గల్ఫుకో పంపి, ఇక మా ఇంట్లో ఎవరూ పాడె ముందు నడవరని నిర్ణయించుకుంటే, దానిని అంతరించడం అనవచ్చునా? అక్కడ జరిగింది ఒక నిర్ణయం. దానికి తేదీ ఉన్నది, కారణం ఉన్నది, చెల్లించిన మూల్యం ఉన్నది. దరువుల పేర్లను నమోదు చేసినంత శ్రద్ధగా ఆ నిర్ణయాన్నీ నమోదు చేయాలి. ఏ ఊళ్ళో ఏ తరం డప్పు మానేసింది, మానేసినప్పుడు ఊరు ఏమన్నది, తరువాత ఎవరైనా తమ ఇష్టంతో తిరిగి పట్టారా, పడితే ఏ సందర్భంలో పట్టారు అన్నవి క్షేత్ర పరిశోధనలో అడగవలసిన ప్రశ్నలు. వీటిని అడగని సిద్ధాంత వ్యాసం డప్పు గురించి ఎంత చెప్పినా, డప్పు పట్టిన మనిషి చరిత్రలో సగాన్నే చెబుతుంది.

ముగింపు

హార్లెం ఉత్సవం, అంబేద్కర్ జయంతి ఊరేగింపు, ప్రభుత్వ వేదిక, పెళ్ళి మర్ఫా, పల్లె పాడె: ఇన్ని సందర్భాల్లోనూ చెవికి అందేది తాళమే. వాటి నైతిక విలువను తాళం చెప్పదు. పిలుపు వచ్చినప్పుడు రానని చెప్పి, తరువాత కూడా అదే ఊళ్ళో, అదే గౌరవంతో, పనికి లోటు లేకుండా ఆ కళాకారుడు బతకగలడా అన్నదే కొలత. బతకగలిగితే అతడు వచ్చి మోగించిన డప్పు ఉత్సవం. బతకలేకపోతే, వేదిక ఎంత ఎత్తుగా కట్టినా, శాలువా ఎంత ఖరీదైనదైనా, అది ఉత్సవం కాదు.

జయంతి నాడు విగ్రహం ముందు ఇష్టంగా డప్పు మోగించిన చెయ్యి, మరునాడు చావు కబురు తెచ్చినవారికి ‘ఈసారి రాలేను’ అని చెప్పగలగాలి. ఆ మాట విన్న ఊరు కోపగించుకోకుండా వెనుదిరగాలి. వేసవి పండుగలు ఎన్ని జరిగాయన్నది లెక్కపెట్టడం తేలిక. ఇటువంటి జవాబులు ఎన్ని ఊళ్ళలో శాంతంగా చెల్లాయన్నది లెక్కపెట్టడం కష్టం. తెలుగు పరిశోధన ఇప్పుడు చేపట్టవలసినది ఆ రెండవ లెక్క.